జర సల్లారనియ్

గుజరాత్‌లో సూరత్ దగ్గరి కిమ్‌ ఊళ్లో ఉన్న పిస్తోళ్ల కార్ఖానాలో నేను కొలతలు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరేనాటికి, పిస్తోలు పైన జారే స్లైడును కింది ఫ్రేముకు అతికేలా చేత్తో అరగదీసే ఫిట్టరు ఒకాయన ఉండేవారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతవాళ్ల కుటుంబం. ఆయన పని ముగించగానే నేను కొలుద్దామని మైక్రోమీటరు అందుకోబోతే ఆపేవారు.

"జర సల్లారనియ్ బిడ్డా. చేతి వేడికి ఇనుము ఉబ్బుతది."

ఒక మధ్యాహ్నం తాను కూర్చిన పిస్తోలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"దీన్ని రిజెక్ట్ రాయి."

రెండుసార్లు కొలిచాను. "హద్దులోనే ఉంది కాకా. పాసయింది."

"ఇయ్యాల హద్దులనే ఉన్నది. గని నేను ఆపుదామనుకున్న కాడ చెయ్యి ఆగలే, ఒక్క రాపిడి ఎక్కువ పడ్డది. రేపు ఇది ఒదులైతే? పేల్చెటోని మొఖం ముందలనే గదా స్లైడు కదిలేది."

ఆయన కుడిచెయ్యి సన్నగా వణకడం అప్పుడు చూశాను.

రిజెక్ట్ అని రాసి సంతకం చేశాను. జేబులోని అరగదీసే రాయిని తీసి గుడ్డతో తుడిచి, ఆయన నా బల్ల మీదే వదిలి వెళ్లారు.

మర్నాటి నుంచి ప్యాకింగ్‌లో కూర్చున్నారు. ఎందుకు మారావని అడిగిన ప్రతివాళ్లకూ ఆ కుడిచెయ్యి చాపి చూపించేవారు.