సంపు దగ్గర చెప్పులు

2003 ఎండాకాలం. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి నాగారంలో కొత్తగా అద్దెకు దిగాం. బోర్లు ఎండిపోయి మా వీధంతా ట్యాంకర్ నీళ్ల మీదే బతుకుతోంది. ఎదురింటి సత్తెమ్మకీ నాకూ మాటల్లేవు. "నిన్నగాక మొన్నొచ్చినోళ్లకు నీళ్లేంది?" అంటూ ఒకరోజు నా నిండు బిందెను అందరి ముందూ కాలితో తన్నేసింది.

ఓ మధ్యాహ్నం ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ ఎప్పటిలాగే ముందు ఆవిడ వాకిట్లోని నీళ్ల సంపులోకి పైపు దించి నీళ్లు వదిలాడు. రోజూ పైపు పక్కన నిలబడి అరిచే సత్తెమ్మ ఎక్కడా కనిపించలేదు. ఏమైందని అడిగాను.

"పీడా పోయింది, మీకెందుకు?" అంది పక్కింటావిడ.

నాకూ ఆ బిందె గుర్తొచ్చింది. అయినా మనసెందుకో కీడు శంకించింది. దగ్గరికి వెళ్తే సంపు మూత పక్కన ఆవిడ చెప్పులు! తాగే నీళ్ల సంపులోకి ఎవరూ చెప్పులతో దిగరు.

"ఆపండి! లోపల మనిషి ఉంది!" అని కేక పెట్టాను.

సంపు కడగడానికి దిగి, జారిపడి స్పృహ తప్పింది. నీళ్లు అప్పటికే చెవుల దాకా వచ్చేశాయి. నేను దిగి తల పైకెత్తి పట్టుకుంటే, డ్రైవర్ రెక్కలు పట్టి బయటికి లాగాడు.

రెండ్రోజుల తర్వాత తలకు కట్టుతో మా గుమ్మంలోకి వచ్చింది.

"నీ జాగల నేనుంటే తొంగి సూస్తుంటినో లేదో, చెల్లె" అంది తల దించుకుని.

క్షమించమని అడిగి ఉంటే మాటవరసకు సరేననేదాన్నేమో. అంత నిజం చెప్పిన మనిషి మీద ఇంకా కోపం ఎలా పెట్టుకోను?