శిఖరం దాకా వెళ్లని రోజు

ఈ ఉదయం మా అమ్మాయి ఫోనులో మంచు హెచ్చరిక చూసి, స్నేహితులతో కొండకు వెళ్లే ప్రయాణం మానుకున్నానని తన ఐరిష్ యాస ఇంగ్లీషులో చెప్పగానే, నాకు కోవిడ్ నాటి ఒక చలికాలమూ, అప్పటి మా పక్కింటావిడా గుర్తుకొచ్చారు.

అప్పుడు మేము ఐర్లండులోని లిమరిక్ నగరానికి దూరంగా, కొండల కింద ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం; నేను ఆసుపత్రిలో నర్సును. ఆవిడ భర్త మా వార్డులోనే పోయారు. అయినవాళ్లను లోపలికి రానివ్వని రోజులు కనుక, ఆవిడ వీడ్కోలు మాటలు ఆయనకు వినిపించేలా వీడియో కాల్ పెట్టి టాబ్లెట్ పట్టుకున్నది నేనే. ఏటా మంచు పడగానే ఆయన ఎక్కే కొండ మీద, ఆయన పోయి నెల నిండిన నాడు ప్రార్థన చేసుకోవాలని ఆవిడ కోరిక. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న నిబంధనకు ఆ కొండ లోబడే ఉండడంతో, దూరం దూరంగా నడుస్తూ నేనూ తోడు వెళ్లాను.

ఐర్లండులో మంచుచరియలేమిటని మీరు నవ్వుతారేమో, నేనూ అలాగే అనుకునేదాన్ని. గడ్డకట్టి గాజులా ఉన్న పాత మంచు మీద, గాలి మోసుకొచ్చిన కొత్త మంచు ఎంతో అందంగా పేరుకుని ఉంది. ఆకాశం నిర్మలం, శిఖరం ఎదురుగానే ఉంది. ఆవిడ చేతికర్రతో పొడిస్తే పైపొర అట్టలా విడివడింది. అంతే, ఆవిడ ఆగిపోయింది.

ఇంత దూరం వచ్చాం కదా, మెల్లగా వెళ్దామన్నాను.

"వద్దమ్మా, ఆయనైనా ఇక్కణ్ణుంచే వెనక్కి తిరిగేవాడు. నిన్ను తీసుకొచ్చినదాన్ని, క్షేమంగా ఇంటికి చేర్చాలి," అంది.

పక్కనున్న బండల మీద నిలబడి, ఆవిడ తన భాషలో, నేను తెలుగులో ప్రార్థన చేస్తుండగా దబ్బున ఒక చప్పుడైంది. మేము దాటవలసిన వాలు మీది మంచు మొత్తం ఒక్కసారిగా కిందికి జారిపోయింది. ఆవిడ చేతి తొడుగు తీసేసి, నిబంధనలన్నీ మరిచి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. భర్త పోయాక ఆవిడ బిగ్గరగా ఏడ్వడం నేను చూసింది అప్పుడే. నెలల తరబడి రబ్బరు తొడుగుల్లోనే మనుషుల్ని తాకిన నేను కూడా ఆ చెయ్యి వదల్లేకపోయాను.

తర్వాత ఆవిడ ఇల్లు అమ్మేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది, మేమూ డబ్లిన్ చేరాం. ఇప్పుడు ఎవరి నుంచీ ఎవరూ దూరం పాటించనక్కర్లేదు. అయినా గోడ అవతల కాపురముంటున్న వాళ్ల పేరేమిటో నాకింతవరకూ తెలియదు.