చెప్పి వెళ్లే పద్ధతి

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను సఖినేటిపల్లి వైపు ఒక సెక్టారుకు సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. అంగన్‌వాడీల్లో సూపర్‌వైజరుది మధ్య మెట్టు. కింద కేంద్రం నడిపే కార్యకర్త, ఆమెకు తోడుగా ఆయా. పైన ప్రాజెక్టు అధికారిణి. నెలకొకసారైనా సెక్టారులోని ప్రతి కేంద్రానికీ వెళ్లి, పిల్లల బరువులు తూయించి, పట్టికలు సరిచూసి, తనిఖీ పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టడం నా పని.

గోదావరి రేవుకు దగ్గరలో ఉన్న కేంద్రాన్ని సుగుణ అనే కార్యకర్త నడిపేది. నేను మొదటిసారి వెళ్లేసరికి భోజనాలై పిల్లలు చాపల మీద పడుకుని ఉన్నారు. ఒక పిల్ల మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, కునుకు పడుతున్న పక్కవాళ్లను తట్టి లేపుతోంది. పేరు బ్లెస్సీ. నాలుగేళ్లు. ఎదుగుదల పట్టికలో ఆమె బరువు గీత రెండు నెలలుగా కిందికి దిగి, ఆకుపచ్చ రంగు దాటి పసుపులోకి వచ్చింది. అంటే పిల్ల చిక్కిపోతోందన్నమాట.

సుగుణ సంగతి చెప్పింది. తండ్రి చేపల చెరువుల దగ్గర కాపలా పనిలో ఉండి వారానికొకసారి వస్తాడు. తల్లి రత్నకుమారి ఇళ్లలో పనికి మస్కట్ వెళ్లింది. పిల్ల ఏడుస్తుందని, అది మధ్యాహ్నం నిద్రపోతుండగా గోదావరి దాటించే పంటు ఎక్కి అవతలి ఒడ్డున నరసాపురం వెళ్లిపోయింది. పిల్ల లేచాక అమ్మ సంతకెళ్లిందని అమ్మమ్మ చెప్పింది.

"అప్పట్నించీ పగలు కన్ను మూయదండి. తను పడుకుంటే ఇంకెవరో వెళ్లిపోతారని దాని భయమండి" అంది సుగుణ.

ఇంతలో పిల్లే నా దగ్గరకు వచ్చింది. "మా అమ్మ ఎప్పుడొస్తాదండీ?"

నేను పట్టికలు చూసుకుంటున్నాను. "రేపొచ్చేస్తుందమ్మా, పడుకో" అన్నాను. పిల్ల వెంటనే వెళ్లి పడుకుంది. సుగుణ నా వైపు చూసింది. పుస్తకంలో "పిల్లలను బుజ్జగించి నిద్రపుచ్చవలెను" అని సలహా రాసి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం సుగుణ ఫోన్ చేసింది. తను గర్భిణులకు గుడ్లు పంచుతుండగా, ఆయా గిన్నెలు కడుగుతుండగా, బ్లెస్సీ కనబడకుండా పోయింది. నేను పక్క ఊళ్లోనే ఉండి వెంటనే ఆటో ఎక్కాను. కేంద్రానికీ గోదావరికీ మధ్య ఎంత దూరమో ముందురోజే చూశాను కాబట్టి, ఆ పావుగంటా ఆటో అతన్ని తొందరపెడుతూనే ఉన్నాను.

నేను చేరేసరికి పిల్ల దొరికింది. రేవులో పంటుకు టిక్కెట్లు ఇచ్చే పెద్దాయన తన బల్ల మీద కూర్చోబెట్టుకున్నాడు.

"రెండు పంట్లు వచ్చేదాకా నీళ్ల అంచునే నిలబడిందండి. ఎవరి పాపవే అంటే, మా అమ్మ ఇవాళొస్తాది, మేడంగారు చెప్పేరు అందండి" అన్నాడు.

ఇలాంటిది జరిగితే ఆ రోజే పై అధికారికి నివేదిక పంపాలి. కార్యకర్త నుంచి సంజాయిషీ తీసుకోవాలి. ఆమెను తీసేసినా అడిగేవారుండరు. సుగుణ తెల్లకాగితం తెచ్చి, "మీరేం రాయమంటే అది రాస్తానండి" అని నిలబడింది. నివేదిక నేనే రాశాను. కేంద్రానికి గేటు లేదని, ఇద్దరూ డ్యూటీలోనే ఉన్నారని, పిల్లకు నేను అబద్ధం చెప్పానని. మూడో వాక్యానికి చాలాసేపు పట్టింది. అధికారిణి మెమో నాకే ఇచ్చారు.

పిల్ల దొరికిన రోజు సాయంత్రమే నేనూ సుగుణా దాని అమ్మమ్మ మరియమ్మగారి ఇంటికి వెళ్లాం. ఆదివారాలు కూతురు వీడియో కాల్ చేసినప్పుడు, బెంగ పెట్టుకుంటుందని ఆవిడ పిల్లను పక్కింటికి పంపేసేవారు.

"నిజం చెప్తే దాని గుండె పగిలిపోద్దండి" అన్నారావిడ.

"ఇప్పుడు రోజూ పగులుతానే ఉంది కదండీ, పిన్నిగారూ. చెప్పేద్దాం. ఏడిస్తే పక్కన మనం ఉందాం" అంది సుగుణ.

ఆవిడ కొంగు మడతలు పెడుతూ, "ఆయ్, అలాగే కానివ్వండి" అన్నారు.

ఆదివారం తల్లే ఫోన్‌లో చెప్పింది. దూరంగా ఉన్నానని, నువ్వు ఒకటో తరగతిలో చేరేక వస్తానని, చెప్పకుండా వచ్చేయడం తనదే తప్పని. బ్లెస్సీ ఫోన్ విసిరికొట్టింది. ఆ వారమంతా కేంద్రంలో ఏడ్చింది, ఒక పిల్లను కొరికింది కూడా. సుగుణ ఊరుకోమని అనలేదు. "అమ్మ మీద కోపంగా ఉంది కదమ్మా. కోపం రావొచ్చు, కొరక్కూడదు" అని దాని పక్కనే కూర్చునేది.

అదే వారం ఆమె కేంద్రంలో ఒక పద్ధతి పెట్టింది. ఎవరూ చెప్పకుండా వెళ్లకూడదు. దిగబెట్టడానికి వచ్చిన తల్లులు పిల్ల చూస్తుండగానే "వెళ్లొస్తాను" అని చెప్పి వెళ్లాలి; ఏడిస్తే ఏడవనివ్వాలి. తను వంటగదిలోకి వెళ్లినా బ్లెస్సీకి చెప్పే వెళ్లేది. పొద్దుటిపూట గోల ఎక్కువైంది. తల్లులు నాకు ఫిర్యాదు చేశారు. రెండు వారాలు ఓపిక పట్టమన్నాను. అది పని చేస్తుందో లేదో నాకూ తెలియదు.

ఆగస్టు తనిఖీకి వెళ్లినప్పుడు కొత్తగా చేరిన పాప ఒకతె గుమ్మం దగ్గర ఏడుస్తోంది. బ్లెస్సీ వెళ్లి పక్కన చతికిలబడి, "మీ అమ్మ సాయంత్రం వస్తాది. మా అమ్మ చాలా రోజులకి వస్తాది. నేనూ ఏడ్చేను" అంది. ఆ మధ్యాహ్నం బ్లెస్సీ పడుకుంది. బరువు గీత పైకి రావడానికి మాత్రం డిసెంబరు దాకా పట్టింది.

తల్లి అన్న మాట ప్రకారమే వచ్చింది. రెండు నెలలుండి మళ్లీ వెళ్లింది. ఈసారి బ్లెస్సీ రేవు దాకా వెళ్లి సాగనంపి, బాగా ఏడ్చి, మర్నాడు బడికి వెళ్లిందని సుగుణ చెప్పింది.

పిల్లల మనోధైర్యం గురించి శిక్షణల్లో నేను చాలాసార్లు మాట్లాడాను. ఏడుపు త్వరగా మానిపించే కార్యకర్తే సమర్థురాలని రాసేదాన్ని. ఆ తర్వాత అలా రాయడం మానేశాను. చిన్నపిల్లలు ఎడబాటును ఓర్చుకోగలరు. అయితే అది ఎడబాటని వాళ్లకు తెలియాలి, ఓర్చుకునేటప్పుడు పెద్దవాళ్లు ఒకరు దగ్గరుండాలి. ఈ సంగతి నేను నేర్చుకున్నది నా కింద పనిచేసిన కార్యకర్త దగ్గర. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ల సర్వీసు.