మంచు విడవకముందే కొట్టాల్సిన చెట్లు

తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటికోటకి భీమవరం, ఆకివీడు మీదుగా సుఖమైన దారి ఉంది. నేను ఏలూరు మీదుగా వెళ్లాను. దారి తెలియక కాదు. చేసిన తప్పు ఒప్పుకోవడానికి వెళ్లేవాడికి చుట్టుదారిని మించిన సుఖం లేదు.

ముందు ఆ తప్పేమిటో చెప్పాలి. నాలుగేళ్ల క్రితం నా షష్టిపూర్తికి వచ్చినవాళ్లకు స్టీలు డబ్బాలు ఇవ్వడం పాత పద్ధతని, తలా ఒక కోనోకార్పస్ మొక్క ఇచ్చాను. ఏపుగా పెరుగుతుంది, పశువు కూడా ముట్టదు అన్నాడు నర్సరీ అతను. పశువుకున్న బుద్ధి నాకు లేకపోయింది. పురోహితుడు నన్ను నూరేళ్లు బతకమని దీవించాడు, నేను వచ్చినవాళ్లకు దగ్గు పంచాను. సగం మంది మొక్కల్ని కుర్చీల కింద వదిలేసి పోయారు. వాటిలో ఆరింటిని, కాలేజీ హాస్టల్లో నా గది పంచుకున్న ఏడుకొండలు నెత్తిన పెట్టాను. వాడిది కొల్లేటికోట. చేపల చెరువు గట్టు మీదే ఇల్లు.

పోయిన చలికాలం నాకే తుమ్ములు పట్టుకున్నాయి. డాక్టరు ఇంటి ముందు ఏ చెట్టుందని అడిగి, దాని పుప్పొడే కారణం అన్నాడు. ఆ వారమే కొట్టించేశాను. అదే వారం ఏడుకొండలు ఫోన్లో, తన భార్య నాగమణికి ఆయాసం వస్తోందని, చెరువులో మేతగా వేసే తవుడు దుమ్ము పడటం లేదని ఊరి డాక్టరు పని మాన్పించాడని చెప్పాడు. నాకు అప్పుడే అర్థమైంది. అయినా జాగ్రత్త అని పెట్టేశాను. మొక్కలు పంచినందుకు ఊరివాళ్లు కప్పిన శాలువా ఇంకా గోడకు వేలాడుతోంది మరి. అలా ఏడాది గడిచింది. ఈ చలికాలం ఆవిడకు మరీ ఎక్కువైందని తెలిశాక బయలుదేరాను.

జనవరి. పొద్దున్న ఆరున్నరకు రావాల్సిన పాసింజరు మంచు వల్ల ఏడుంబావుకు వచ్చింది. నాకేం తొందర లేదు. ఎదురుగా మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన, ద్వారకా తిరుమల వెళ్లడానికి భీమడోలులో దిగేవాడు, ఆగకుండా తుమ్ముతున్నాడు.

“చలికాలం జలుబండి, మామూలే,” అన్నాడు.

“మీ ఇంటి దగ్గర చెట్లేమైనా ఉన్నాయాండి?” అన్నాను.

“తుమ్ముకీ చెట్టుకీ ఏం సంబంధం బాబూ? తలనీలాలు ఇచ్చేస్తే అదే పోతుంది,” అన్నాడు. వెంకన్నకి వైద్యం కూడా అప్పజెప్పారని నాకు తెలియదు.

ఏలూరులో ఎనిమిదిన్నరకు దిగాను. స్టేషను బయట పెసరట్టు ఉప్మా తిన్నాను, బాగుంది, అల్లం చట్నీ ఇంకా బాగుంది. బజార్లో ఒక గొడ్డలి కొని, పేపరు చుట్టి, కైకలూరు బస్సెక్కాను. పక్కన కూర్చున్న చేపల బుట్టావిడ ఆ పేపరు వంక రెండు స్టాపులు చూసి ఊరుకోలేకపోయింది.

“ఏంటండి అది?”

“గొడ్డలమ్మా. చెట్టు కొట్టాలి.”

“ఎవరి చెట్టండి?”

“నేనే ఇచ్చాను ఒకళ్లకి.”

“ఇచ్చేదీ మీరే, తీసుకుపోయేదీ మీరేనా? ఇంకేం, దేవుడి ఉద్యోగమే చేస్తున్నారు,” అంది. బస్సులో నలుగురు నవ్వారు. టికెట్టు డబ్బులకు ఆ మాట కూడా కలిసొచ్చింది.

ఏలూరు దాటాక కాసేపటికి రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. మంచు కింద నుంచి విడుతోంది, కొంగల కాళ్లు ముందు కనబడి తర్వాత కొంగలు కనబడ్డాయి. కైకలూరులో దిగి షేర్ ఆటో పట్టుకుని, పదకొండున్నరకు ఏడుకొండలు వాళ్ల చెరువు గట్టు మీద నిలబడ్డాను. ఎండ చురుక్కుమంటోంది, పొడి గాలి లేచింది. ఆరు చెట్లూ రెండు నిలువుల ఎత్తున, పూతతో, ఆరోగ్యంగా ఉన్నాయి. లోపల్నుంచి దగ్గు వినిపిస్తోంది.

“ఏరా ఉల్లిపాయా!” అన్నాడు ఏడుకొండలు. మాది తాతలనాటి ఉల్లిపాయల వ్యాపారం, హాస్టలు రోజుల నుంచీ అదే పేరు. “గొడ్డలి తెచ్చావేంట్రా? మా ఇంట్లో లేదనుకున్నావా?”

కూర్చోకుండానే చెట్ల సంగతి చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని నాకు తెలుసు. చెప్పి, గొడ్డలి పట్టుకుని మొదటి చెట్టు దగ్గరకు నడిచాను. నాగమణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“ఇప్పుడు కొట్టకండి బాబూ! ఈ గాలిలో కొడితే ఆ పొడంతా లేచి నన్ను ఇవాళే పంపించేస్తారు.”

చెయ్యి ఆగిపోయింది. ఆవిడ గుక్క తిప్పుకుని, తన లెక్క చెప్పింది. మంచు పడ్డ పొద్దున్న హాయిగా ఉంటుంది. ఎండెక్కి గాలి ఆడితే పట్టుకుంటుంది. సాయంత్రం చల్లబడి గాలి నిలిచిపోతే మళ్లీ వస్తుంది. చినుకు పడ్డ రోజు అసలు ఉండదు. డాక్టరు నాకు చెప్పిందీ దాదాపు అదే: తడికి పుప్పొడి అణిగి ఉంటుంది, పొడి ఎండకు లేచి దూరం పోతుంది, సందెవేళ మనిషి ఎత్తుకు దిగుతుంది. ఆవిడ చదువుకోకుండా, దగ్గి తెలుసుకుంది.

“తవుడు సంచులు మంచులో కట్టినా దగ్గు వచ్చేది కాదండి. ఆ మాట అంటే ఎవరూ వినలేదు,” అంది. బెజ్జాలు పెట్టిన తవుడు సంచుల్ని చెరువులో కర్రలకు కట్టడం ఇరవై ఏళ్లుగా ఆవిడ పని. అది మాన్పించి, రోజంతా ఈ చెట్ల కింద కూర్చోబెట్టారు. “మీ ఇంటి దగ్గర చెట్టు ఎలా ఉందండి అన్నయ్యగారూ?”

“కొట్టించేశానమ్మా.”

“ఎప్పుడండి?”

“పోయిన చలికాలం.”

ఏడుకొండలు నా వంక చూసి, తువ్వాలు దులుపుకుని చెరువు వైపు వెళ్లిపోయాడు. నాగమణి మాత్రం, “కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతాను,” అంది. కొరమీను పులుసు రుచి తెలియాలంటే ఇంకెవరినైనా అడగండి. నేను శాకాహారిని, నాకు పప్పు, వంకాయ. తిట్టి ఉంటే ఎక్కువ తినేవాణ్ణి.

మర్నాడు ఆరింటికి పక్కనున్న మనిషి కనబడనంత మంచు. చెట్లు తడిసి బరువుగా ఉన్నాయి. నేను కొట్టిన మొదటి దెబ్బ బెరడుకు, రెండోది రాయికి తగిలింది. ఏడుకొండలు కాసేపు చూసి గొడ్డలి లాక్కున్నాడు. “నువ్వు ఉల్లిపాయలే తూచుకోరా,” అన్నాడు. నిన్నటి నుంచి నాతో ఆడిన మొదటి మాట అది. ఎనిమిదింటికి ఆరూ పడ్డాయి. మొదలు వదిలితే మళ్లీ చిగురిస్తుందని వేళ్లు తవ్వే పని నాకిచ్చాడు. తొమ్మిదిన్నరకు మంచు విడిచి అవతలి గట్టు బయటపడింది. దాని మీద వరసగా అవే చెట్లు.

“మన కొమ్మలు నాటినవేరా,” అన్నాడు ఏడుకొండలు నేల చూస్తూ. “అడిగినవాళ్లందరికీ ఇచ్చాను.”

“నేను వెళ్లి చెప్తాను,” అన్నాను.

“నేనూ వస్తానండి,” అంది నాగమణి. “ఆ ఏడాది ముక్క కూడా చెప్తారో, మింగేస్తారో చూడాలి.”

ముగ్గురం దోనెలో అవతలికి వెళ్లాం. గట్టు ఆసామి పళ్లు తోముకుంటూ అంతా విన్నాడు. మొక్కల సంగతి చెప్పి ఆగాను. నాగమణి దగ్గలేదు, కదల్లేదు, నన్నే చూస్తోంది. ఏడాది దాచిన సంగతి కూడా చెప్పాను. ఆసామి ఉమ్మేసి, “మా అబ్బాయికీ వస్తందండి ఆయాసం. ఏడాది ముందు చెప్పకపోయారా?” అన్నాడు. రేపు మంచులో కొట్టిస్తానన్నాడు.

రెండింటికి బయలుదేరాను. ఆటో దాకా వచ్చిన నాగమణిని క్షమించమని అడగబోయాను.

“అదిప్పుడే ఎలా చెప్తానండి? తగ్గితే నేనే ఫోను చేస్తాను. తగ్గకపోయినా నేనే చేస్తాను,” అంది.

తిరుగు ప్రయాణం దగ్గర దారినే, ఆకివీడు, ఉండి, భీమవరం మీదుగా. ఉండి దగ్గర నాట్లు వేసిన మళ్ల మీద ఎండ పసుపుగా పడుతోంది. పచ్చగా ఉన్నదల్లా మంచిదే అనుకుని అరవై ఏళ్లకు పైగా బతికినవాణ్ణి, కిటికీలోంచి ఒక్కొక్క చెట్టునీ పేరడిగి మరీ చూశాను. కొల్లేరు చూడబోయేవారికి నాకు తెలిసినంతలో చెప్పేది ఇదే: మంచు ఉండగా చేరుకోండి, చేతిలో మొక్కేదీ పెట్టుకోకండి. భీమవరంలో ఫోను మోగితే పేరు చూడకుండానే ఎత్తాను. మా కొట్టు నుంచి.

ఇది రాస్తున్నప్పటికి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ మంచు తర్వాత ఎండ, ఎండతో గాలి. పొద్దున్న పది కాగానే ఫోను చేతిలోకి తీసుకుంటాను. నేను చేయకూడదు. ఆవిడే చేయాలి.