రెండోదాని బలాలు, బలహీనతలు

ఆ రోజుల్లో సినిమా గురించి నాకు తెలియనిదంటూ లేదని నా గట్టి నమ్మకం. (ఇప్పుడు సినిమాల మీద రాసే బతుకుతున్నాను కాబట్టి ఆ నమ్మకం పూర్తిగా పోయింది.) తార్నాక పక్కన యూనివర్సిటీలో జర్నలిజం చదువుతున్నాను. మా డిపార్ట్‌మెంటు నడిపే పత్రికలో సినిమా పేజీ ఒకటుండేది, దాన్ని ఏడాదికి ఒక్క విద్యార్థికే ఇచ్చేవాళ్ళు. అది నాకు రాకపోతే నోరు మూసుకుని బీఎడ్‌లో చేరతానని మా నాయినకు మాటిచ్చి వచ్చాను. ఎందుకిచ్చానో అడక్కండి, ఆ వయసులో మాటలు తేలిగ్గా ఇచ్చేస్తాం.

పేజీ ఎవరికివ్వాలో తేల్చేది మా సినిమా సారు. ఆయనది గుంటూరు వైపు, తిట్టినా సరే 'అండీ' తగిలించే తిట్టేవారు. ఒక మధ్యాహ్నం సెమినార్ హాలు కిటికీలకు దుప్పట్లు కట్టించి, జపాన్ రాకాసి సినిమా ఒకదాని రెండో భాగం చూపించారు. మొదటి భాగం అంతకు ముందు వారమే చూశాం. అందులో ఒకటే రాకాసి, కొండంత తొండ. ఇందులో దానికి పోటీగా భూమిలోంచి ఒక జెర్రి లేస్తుంది, రైలంత పొడవు. లైట్లు వేశాక సారు, "మొదటిదాని గురించి మాట్లాడేసుకున్నాం కదండీ. ఇక రెండోదాని బలాలు, బలహీనతలు ఒక పేజీలో రాసుకురండి. బాగా రాసినవాళ్ళకే సినిమా పేజీ" అన్నారు.

మొదటిది తొండ, రెండోది జెర్రి. ఇందులో అర్థం కానిదేముంది? విద్యానగర్‌లో నా గదికి పోయి, కూర్చున్న చోటు నుంచి లేవకుండా రాసేశాను. మర్నాడు తార్నాకలో జిరాక్స్ షాపు భాయ్‌ని టైపు చేయమన్నాను. ఏది టైపు చేసినా పైకి చదువుకుంటూ చేయడం ఆయన అలవాటు. సగానికొచ్చాక వేళ్ళు ఆపి నా వైపు చూశాడు.

"మేడం, గిది ఎవరి బయోడేటా?"

"రాకాసిది భాయ్. జెర్రి."

"అచ్ఛా. నౌకరీకి పెడ్తున్నరా?"

"గట్లనే అనుకో. జల్ది కొట్టు భాయ్."

ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. ప్రింటు చేతికొచ్చాక చూస్తే పైన పెద్ద అక్షరాల్లో 'బయోడేటా' అనీ, దాని కింద 'పేరు: రెండోది' అనీ ఉంది. క్లాసుకు టైమైపోతోంది, అలాగే పట్టుకెళ్ళి ఇచ్చేశాను.

సారు కాగితాలు ఒక్కొక్కటే పైకి చదువుతున్నారు. "కథనంలో పట్టు సడలింది, గ్రాఫిక్స్ అదిరాయి" అని అందరివీ ఒకేలా సాగుతున్నాయి. మూడో కాగితం దగ్గర నాకు తెలిసొచ్చింది, రెండోది అంటే సినిమా అని! బీఎడ్ కాలేజీ గేటు కళ్ళ ముందు కనిపించింది. ఈలోగా నా కాగితం రానే వచ్చింది.

"'బలాలు: చీకట్లో కనిపించదు, కాళ్ళ చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది, అప్పుడు నిజంగా భయమేస్తుంది. బలహీనతలు: తొందరపాటు ఎక్కువ. మొదటిది గంటసేపు రాకుండా ఊరించి చంపింది, ఇది పదో నిమిషానికే వచ్చి కూర్చుంది, సగమయ్యేసరికి చుట్టమైపోయింది. ఎవరిని తొక్కుతోందో చూసుకోదు, అందుకే ఎవరు చచ్చినా మనకు ఏడుపు రాదు.'"

క్లాసంతా బల్లలు చరుస్తూ నవ్వింది. సారు కళ్ళజోడు తీశారు.

"నేనడిగింది సినిమా గురించండీ."

"తెలిసింది సార్, గిప్పుడే."

"తెలియకపోవడమే మంచిదైంది. మీరంతా సినిమా గురించి రాశారు గానీ సినిమా చూడలేదండీ. ఈ అమ్మాయి ఆ జెర్రి వంకే చూస్తూ కూర్చుంది. సినిమాలో ఏం బాగుందో, ఎక్కడ చెడిందో అంతా అందులోనే ఉంది."

పేజీ నాకిచ్చారు. (పైన 'బయోడేటా' కొట్టేసి అచ్చుకు ఇమ్మన్నారు.) సంతోషం పట్టలేక నాయినకు ఫోన్ చేస్తే, "జెర్రి మీద రాస్తె పేజీ ఇచ్చిన్రా? మంచిగున్నది బిడ్డా. తేలు మీద గూడ రాయ్" అన్నాడు.

ఇన్నేళ్ళలో కథనం, పట్టు, సడలింపు అన్న మాటలు నాకూ అలవాటైపోయాయి. అవి రాసినప్పుడల్లా అప్పుడు జెర్రి మీద రాసిన ఆ పిల్ల గుర్తొచ్చి కొంచెం సిగ్గేస్తుంది. ఏమీ తెలియకపోయినా కళ్ళు విప్పుకుని చూసిన పిల్ల అది. మొన్న తార్నాక వెళ్ళినప్పుడు ఆ షాపులోకి తొంగిచూశాను. గడ్డం తెల్లబడిన భాయ్ నన్ను కాసేపు పరకాయించి చూసి, గుర్తుపట్టి నవ్వాడు.

"ఏంది మేడం, మీ జెర్రికి నౌకరీ దొరికిందా?"

"దొరికింది భాయ్," అన్నాను. "ఇంకా గదే చేస్తున్నది."