బొమ్మల సారు వదిలేసిన అంచు

నా రాత వంకర. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. నాలుగో తరగతితో చదువు ఆగింది. అచ్చు వేసేవారు దిద్దుకోవాలి, చదివేవారు మన్నించాలి. మా ఇంటి ముందు అర్రలో మూడేళ్ళు కిరాయికి ఉన్న బొమ్మల సారు పోయిన నెల మహబూబ్‌నగర్ దవాఖానలో చనిపోయారట. సారుతో పాటు మా ఊరి బడిలో పనిచేసిన టీచరు ఒకాయన నారాయణపేటలో బస్సు దిగి, మా ఇంటికి వచ్చి చెప్పి పోయాడు. నేను మగ్గం గుంటలోంచి లేవలేదు. మా ఇంటామె కుండ దించి పొయ్యి ఆర్పేసింది.

సారుది నల్లగొండ దిక్కు. బడిలో డ్రాయింగు చెప్పేవారు. అది కాక, పిల్లల వాచకాలకు, పెద్దల చదువు పుస్తకాలకు బొమ్మలు వేసి హైదరాబాదుకు టపాలో పంపేవారు. వచ్చిన కొత్తల్లో పొద్దున్నే నా మగ్గం పక్కకు వచ్చి కూర్చునేవారు. చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. ఊరికే చూడటం. నాలుగైదు రోజులు అంతే. ఊరికే చూసే మనిషంటే నాకు మొదటినుంచీ అనుమానం.

తరువాత చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, వాకిట్లో షాబాదు బండ మీద తడివేలితో గీసేవారు. వంగిన నా వీపు, పోగుల మధ్య నాడె విసిరే చెయ్యి. ఎండకు అది ఆరిపోయేది. మళ్ళీ గీసేవారు. కాగితం మీదనే గీయరాదా సారూ అని ఒకసారి అడిగాను.

"ఆరిపోయేది ఆరిపోనీ అన్నా. చెయ్యికి యాదుంటే సాలు," అన్నారు.

చేతికి గుర్తయ్యాక కాగితం మీద ఒక్కసారే గీసేవారు, దిద్దేవారు కాదు. వెదురు కలం, నల్ల సిరా. గీత లావుగా మొదలై సన్నగా తేలిపోయేది. ఉర్దూ అక్షరాలు రాసే ఒక కాతిబ్ సాబు పక్కన కూర్చుని చిన్నప్పుడు అది నేర్చుకున్నారట. గీత ఎక్కడ ఆపాలో తల్లి ముగ్గు చూసి తెలిసిందట. నా మగ్గం చూసి ఏం నేర్చుకున్నారో మాత్రం చెప్పలేదు. పూర్తికాని బొమ్మ ఎవరికీ చూపించరు. పూర్తయితే చుట్ట చుట్టి టపాలో వేసేస్తారు. ఇక మేం చూసేదెప్పుడు?

ఒక మేలు మాత్రం చెప్పుకోవాలి. నా ఎడమ భుజం కిందికి వాలుతోందని ఆ నీళ్ళ బొమ్మలోనే మొదట చూశాను. గోనెసంచి మడిచి ఎడమ పక్క కింద వేసుకొమ్మన్నారు. ఇప్పటికీ నొప్పి లేకుండా నేస్తున్నానంటే ఆయన పుణ్యమే.

మేం నేసే చీరలది గోపురాల అంచు. ప్రతి ఏడో గోపురానికి ఒక మెట్టు తక్కువ. అది మా బాపు చేతి తప్పు. ఆయన పోయాక దిద్దడానికి మనసొప్పక అట్లాగే నేస్తున్నాను. సారు వచ్చిన మూడో సంవత్సరం మక్తల్ సంతలో ఒక మిల్లు చీర చూశాను. మా అంచే. ఏడో గోపురానికి మెట్టు తక్కువ.

మా చిన్నాయిన కొడుకుదీ మా వీధిలోనే మగ్గం. ఇది వినగానే వాడు, "గా సుట్టలల్ల ఏం పోతాందనుకున్నవే? నీ అంచే పోతాంది," అన్నాడు.

నాకూ అట్లాగే తోచింది. మరునాటి నుంచి సారు రాగానే మగ్గం మీద దుప్పటి కప్పాను. నోటితో ఏమీ అనలేదు, అనడం నాకు చేతకాదు. ఆయన రెండు రోజులు ఆ దుప్పటిని చూస్తూ కూర్చున్నారు. మూడోరోజు, "అన్నా, కొత్తకోటకు బదిలీ పెట్టుకుంటున్న. అర్ర ఖాళీ చేస్త," అన్నారు.

ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకు బడికి కొత్త వాచకం వచ్చింది. మా ఇంటామె ఎవరినో అడిగి తెచ్చింది. అందులో సారు వేసిన బొమ్మలో నేను గుంటలో ఉన్నాను, ఆమె పక్కన నూలు కండెలు చుడుతోంది. కట్టింది మేం నేసిన చీరే. కుచ్చిళ్ళు, కొంగు, మడతలు అన్నీ వేశారు. అంచు ఉండవలసిన చోట తెల్లగా వదిలేశారు.

"సూసినవా, అంచు జోలికే పోలే," అందామె.

అంచు ఎత్తుకుపోయినవాడు ఆ సంగతి దాచుకోడా అన్నాను.

"మనం అమ్మిన చీరలు కొన్నోళ్ళకు కండ్లు లేవా? గవి సూసి నెయ్యరాదా? కప్పేదుంటే బజారంత కప్పకపోయినవ్."

అయినా అనుమానం పోలేదు. ఆ బొమ్మ నేను దుప్పటి కప్పకముందు వేశారా, కప్పిన తరువాతా? ముందైతే, మా బాపు గీత మాదేనని తనంతట తాను వదిలేసిన మనిషి. తరువాతైతే నాకు జడిసి వదిలేసి ఉండవచ్చు. అడుగుదామని ఒక పోస్టుకార్డు కొన్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక దేవుడి గూట్లో పెట్టాను. అది ఇంకా అక్కడే ఉంది, అడగడానికి సారు లేరు.

మా ఇంట్లో ఉన్న మొదటి రెండేళ్ళలో, అంటే నేను దుప్పటి కప్పకముందే, ఆయన చాలా పుస్తకాలకు బొమ్మలు వేశారు. అవి నా దగ్గర లేవు, మీ ఇళ్ళలో ఉండవచ్చు. మగ్గం దగ్గర కండెలు చుట్టే ఆడమనిషి ఎక్కడైనా కనబడితే ఆమె చీర అంచు చూడండి. నింపి ఉంటే నింపి ఉందనే రాయండి, నన్ను చూసి మార్చవద్దు. ఇది అచ్చు వేసే పత్రికవారికి పంపితే వారు నాకు చేరుస్తామన్నారు. పెద్ద ఉత్తరం అక్కరలేదు. కార్డు మీద 'తెల్లగా' అని ఒక్క మాట ఉన్నా నాకు అర్థమవుతుంది. కండ్లు మసకబారుతున్నాయి, జర తొందరగా రాయండి.