ఉత్త నీళ్లకూ అదే గొట్టం

హిందూపురం కాలేజీలో మా ల్యాబు మేడమ్ పోయిన వారం గుండెపోటుతో చనిపోయారు. పెనుకొండలో ఆమె ఇంటి ముందు పాడె కడుతుంటే ఒకాయన అన్నాడు: “ఎలుకల ఉసురబ్బా, ఊరికే పోతాదా?” నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆ ల్యాబులో ఎలుకల బోన్లు కడుగుతాను. పదో తరగతి తప్పినవాణ్ణి. చదువు అనదగ్గది ఏదైనా ఉంటే ఆ గదిలో చూసి నేర్చుకున్నదే. మూలికల మందు మనుషులకు ఇచ్చేముందు, హాని చేస్తుందా లేదా అని ఎలుకల మీద చూడటం మేడమ్ పని. ఎలుకను ముట్టేముందు అరచేతులు రెండూ రుద్ది వెచ్చచేసుకునేవారు. “చల్లని చెయ్యి తగిలితే బెదురుతాదప్పా” అనేవారు.

కొన్నిటికి మందు, కొన్నిటికి ఉత్త నీళ్లు. అన్నిటికీ నోట్లోంచి కడుపులోకి ఒకే రకం గొట్టం. ఉండబట్టలేక అడిగాను: “నీళ్లకు గొట్టమెందుకు మేడమ్? గిన్నెలో పెడితే తాగవా?”

“గొట్టం బాధ అన్నిటికీ సమానంగా ఉండాల. లేకుంటే మందు మీద ఊరికే నింద పడతాది. మందుకూ న్యాయం చెయ్యాలప్పా.”

ఆ న్యాయం ఆమె ఇంటికే వచ్చింది. వాళ్ల నాయన నాటువైద్యుడు, మోకాళ్ల నొప్పులకు ఆకు కషాయం ఇచ్చేవారు. మగ్గం గుంతలో కూర్చుని కాళ్లు పట్టేసిన ధర్మవరం నేతగాళ్లు ఆయన కోసం పెనుకొండ వచ్చేవారు. వాళ్లలో కొందరికి కామెర్లొచ్చి కళ్లు పచ్చబడ్డాయని విని, మేడమ్ అనుమతులు తెచ్చి ఆ కషాయాన్నే పరీక్షకు పెట్టారు. కన్నతండ్రి పరువు తీస్తోందని చుట్టాలంతా తిట్టారు.

కషాయం తాగిన ఎలుకలు చచ్చాయని విని పెద్దాయన నేరుగా ల్యాబుకే వచ్చారు. “మా తాత కాలం నుంచి ఇస్తాండాం. ఆకు ఏం చేస్తాది? నీ గొట్టమే చంపింటాది!”

మేడమ్ గొంతు పెంచలేదు. రెండు పళ్లేలు ముందు పెట్టారు. “ఇవి కషాయం తాగినవాటి లివర్లు నాయనా. ఇవి నీళ్లు తాగినవాటివి. వీటికీ అదే గొట్టం పెట్టినా.”

కషాయం తాగినవి పాలిపోయి మచ్చలు పడ్డాయి. నీళ్లవి ముదురెరుపుగా నిగనిగలాడుతున్నాయి. పెద్దాయన వంగి చాలాసేపు చూశారు.

“ఇంక ఇయ్యనులే పాపా.”

అప్పుడు ఏడ్చారు మేడమ్. పెద్దాయన ధర్మవరం పోయి, మగ్గం మగ్గానికీ తిరిగి, మందు మానేసి ఆసుపత్రికి పొమ్మని తానే చెప్పొచ్చారు. అట్లాంటి కూతురు, అట్లాంటి నాయన. వాళ్ల దగ్గర పనిచేశానని ఎక్కడైనా గట్టిగా చెప్పుకుంటాను.

ఉసురన్నవాడికి నేను జవాబు చెప్పేలోపే ఒక ముసలి నేతగాడు ముందుకొచ్చాడు. “ఏమప్పా, నా కళ్లు చూడు. తెల్లగుండాయా? ఆయమ్మ పుణ్యమే. నోరు మూసుకొని పాడెకు భుజం పట్టు.”

అరుగు మీద కూర్చున్న పెద్దాయన మెల్లగా లేచారు. కూతురి నుదురు తాకేముందు, అరచేతులు రెండూ రుద్ది వెచ్చచేసుకున్నారు.